ముగ్గురు మనుషులు, ఒక బకెట్: ఊళ్లకు స్టిరప్ పంపు పనికొస్తుందా?

స్టిరప్ పంపు కొనబోయేవాళ్లకు ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. అంటుకుని ఎగదన్నుతున్న కమ్మలింటి కప్పును ఈ పంపు ఆర్పలేదు. ఆర్పుతుందని దుకాణంలో ఎవరైనా అంటే, ఆయన కమ్మలిల్లు తగలబడటం ఎప్పుడూ చూడలేదన్నమాట. ఇది పక్కింటిని కాపాడే పనిముట్టు. ఆ లెక్కన కొంటే భీమిలి నుంచి పూడిమడక దాకా ఉన్న తీరపు ఊళ్లలో దీనికి ఇప్పటికీ పని ఉంది. వలల పాకలు, పశువుల శాలలు, కల్లాల్లో గడ్డిమేట్లు, సరుగుడు తోటల్లో నేలంతా పరుచుకునే ఎండు సూదులు, వీటన్నిటి దగ్గరా మొదటి పది నిమిషాల ఆయుధం ఇది. ఫైరింజను వచ్చేలోపు పని, అంతే.

తెలియనివాళ్లకు రూపం చెబుతాం. సైకిల్ పంపును నీళ్ల బకెట్‌లో నిలబెట్టినట్టు ఉంటుంది. ఇత్తడి గొట్టం బకెట్ లోపల, దానికి అతికిన ఇనుప కాలు బకెట్ బయట. ఆ కాలి చివర పాదం పెట్టుకోవడానికి గుర్రపు రికాబులాంటి పట్టీ. పేరు అక్కడినుంచే వచ్చింది. పైన చేతిపిడి, పక్కన సుమారు 10 మీటర్ల రబ్బరు గొట్టం, దాని కొసన 3 మిల్లీమీటర్ల రంధ్రమున్న నాజిల్. నాజిల్ మీద మీట ఒకటి ఉంటుంది. ఒకవైపు ఉంటే సన్నటి ధార, మరోవైపు తిప్పితే తుంపర.

లోపలి పనితనం చూడముచ్చటైనది. గొట్టం అడుగున నీటిని పైకే పోనిచ్చే గుండు వాల్వు ఒకటి, పిస్టన్‌లో మరో గుండు. పిస్టన్‌ను మోసే కడ్డీ బోలుగా, లావుగా ఉంటుంది. దాని అడ్డుకోత వైశాల్యం గొట్టం లోపలి వైశాల్యంలో సగానికి దగ్గరగా ఉండేలా చేస్తారు. పైకి లాగినప్పుడు పైనున్న నీరు బయటికి పోతుంది, కింద కొత్త నీరు చేరుతుంది. కిందికి నొక్కినప్పుడు ఆ నీరు పిస్టన్ దాటి పైకి వస్తుంది, అయితే కడ్డీ సగం చోటు ఆక్రమించేసరికి మిగతా సగం నాజిల్‌లోంచి పోవాల్సిందే. అందుకే లాగినా నీరే, నొక్కినా నీరే. మామూలు బోరింగు పంపులా ఆగి ఆగి కక్కదు. మీకు చూపించిన పంపు నొక్కినప్పుడే కొట్టి లాగినప్పుడు ఆగిపోతోందంటే, అది చవగ్గా చేసిన నకలన్నా కావాలి, లోపల గుండు కూర్చోకపోయి అన్నా ఉండాలి.

ఇక నీళ్ల లెక్క. నిమిషానికి 65 పోట్లు వేస్తే ధారగా 6 నుంచి 7 లీటర్లు వస్తాయి. తుంపరకు పెడితే అందులో సగం. ధార 9 మీటర్ల దాకా కొడుతుంది, తుంపర నాలుగైదు మీటర్లు. ఇప్పుడు మంట వైపు చూద్దాం. ఎండిన తాటాకు కిలో కాలితే సుమారు 15 మెగాజౌళ్ల వేడి పుడుతుంది. లీటరు నీరు పూర్తిగా ఆవిరయ్యేటప్పుడు రెండున్నర మెగాజౌళ్ల పైచిలుకు లాక్కుంటుంది. అంటే ఒక్క చుక్క వృథా కాకపోయినా ఈ పంపు నిమిషానికి కిలో, కిలోకి కాస్త ఎక్కువ ఆకు మంటను మాత్రమే మింగగలదు. చిన్న ఇంటి కప్పు మీదే వందల కిలోల ఆకు ఉంటుంది, గాలి తోడైతే అది నిమిషాల్లో అయిపోతుంది. పంపు ఓడిపోక ఏమవుతుంది?

ఓడిపోయే చోట పెట్టకూడదు కాబట్టే పాతకాలపు ఊళ్లలో అగ్గిపడితే మనవాళ్లు కాలుతున్న ఇంటి మీద నీళ్లు పోసి సమయం వృథా చేసేవారు కాదు. ఆ ఇంట్లోంచి మనుషుల్ని, పశువుల్ని బయటికి తెచ్చి, గాలివాటున ఉన్న రెండో ఇంటి కమ్మల్ని గెడకర్రలతో, కొక్కేలతో లాగి పడేసేవారు. మూడో ఇంటి కప్పు మీద తడిపిన గోనెసంచులు పరిచేవారు. నూతి దగ్గర్నుంచి బిందెలు చేతులు మారుతూ వచ్చేవి. ఆ వరసే ఊరి మొదటి ఫైర్ బ్రిగేడ్. యూనిఫారం లేదు, అంతే తేడా. 1666లో లండన్ తగలబడినప్పుడు అక్కడ ఎక్కువగా వాడినవీ ఇవే: ఇళ్లు పడలాగే కొక్కేలు, తోలు బకెట్లు, వాటికి తోడు చేత్తో పట్టుకునే ఇత్తడి చిమ్మనగొట్టాలు. పండగకి పిల్లలు వాడే చిమ్మనగొట్టం లాంటిదే, కాకపోతే ఇద్దరు పట్టుకుంటే ఒకరు నొక్కాలి. అందులో పట్టేది కొద్ది లీటర్లే.

పిస్టన్ పంపు అప్పటికి కొత్తదేం కాదు. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాలో క్టెసిబియస్ రెండు గొట్టాల పంపు చేశాడు. ఇబ్బందంతా నీటిని మంట దాకా చేర్చడంలోనే ఉండేది. 1670ల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ వాన్ డెర్ హైడెన్ తోలు గొట్టం తగిలించాక గానీ పంపును వీధిలో ఉంచి నీళ్లను ఇంట్లోకి పంపడం కుదరలేదు. 1721లో రిచర్డ్ న్యూషమ్ ఇంగ్లండ్‌లో పేటెంటు తీసుకున్న చక్రాల బండి పంపుకు రెండువైపులా మనుషులు నిలబడి పొడవాటి పిడులు కొట్టేవారు. దాని తొట్టిలో నీళ్లు పోయడానికి మళ్లీ బకెట్ల వరసే కావాలి. చాలాకాలం పల్లెటూళ్ల బ్రిగేడ్లు బతికింది ఇలాంటి బండ్ల మీదే. స్టిరప్ పంపు ఆ బండికి చివరి చిన్న తమ్ముడు. రెండో ప్రపంచ యుద్ధంలో నిప్పు బాంబుల కోసం బ్రిటన్‌లో ఇంటింటికీ చేరింది. మన దేశంలోనూ ఎ.ఆర్.పి. (విమాన దాడుల నుంచి రక్షణ చూసే) దళాల చేతికి ఇసుక బకెట్లతో పాటు వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేసినప్పుడు జనం ఊరొదిలి పోయారని పెద్దవాళ్లు చెప్పుకునే కాలం అది. పంపు రూపం అప్పటినుంచి పెద్దగా మారలేదు. మారాల్సిన అవసరమూ కనబడదు.

మారింది తయారీ. మంచివైపు కాదు.

విశాఖలో ఇవి దొరికే చోట్లు రెండు రకాలు. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల హార్డ్‌వేర్ కొట్లలో అడిగితే తెప్పించి ఇస్తారు. గాజువాక ఆటోనగర్ వైపు ఫ్యాక్టరీలకు సేఫ్టీ సామాను అమ్మేవాళ్ల దగ్గర సరుకు చూసి కొనుక్కోవచ్చు. రెండోదే మేలు, చూడకుండా కొనకూడని వస్తువు ఇది. జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్లండి. గొట్టానికి, పిస్టన్ కడ్డీకి ఆనించండి. అంటుకుంటే అది ఇత్తడి పూత పూసిన ఇనుము, ఉప్పుగాలికి రెండు వర్షాకాలాలు నిలవదు. కాలి పట్టీ ఇనుముదైతే ఫరవాలేదు, రంగు వేసుకుంటే చాలు. అల్యూమినియం గొట్టంతో వచ్చేవి తేలిగ్గా, ముచ్చటగా ఉంటాయి గానీ ఇత్తడి మరలు తగిలిన చోట తెల్లటి పొడి పట్టి బిగుసుకుపోతాయి. పట్నంలో ఆఫీసు మెట్ల కింద పెట్టుకునేవాళ్లకు చెల్లుతుందేమో, జాలరిపేటల్లో వద్దు.

కొట్లోనే ఒక బకెట్ నీళ్లు అడగండి. ఇవ్వనన్నవాడి దగ్గర కొనొద్దు. ముందు పది పోట్లు వేసి గాలి పోనివ్వాలి. తర్వాత గడియారం పట్టుకుని నిమిషం పాటు మరో ఖాళీ బకెట్‌లోకి కొట్టండి. 6 లీటర్లు దాటాలి. 5 కన్నా తక్కువైతే ఏదో వాల్వు కారుతోంది. ఏదో కనిపెట్టడం కష్టం కాదు: పంపును నీళ్లలోంచి ఎత్తి పట్టుకోండి, అడుగునుంచి నీరు జారిపోతే అడుగు గుండు వాల్వుది (ఫుట్‌వాల్వు) తప్పు. నిలిచి ఉందంటే పిస్టన్ గుండు మీద అనుమానం పెట్టుకోవాలి. నాజిల్‌ను బొటనవేలితో మూసి పిడి నొక్కితే రాయిలా ఎదురు తన్నాలి, మెత్తగా దిగిపోకూడదు. పైన గ్లాండు దగ్గర, అంటే కడ్డీ గొట్టంలోంచి బయటికొచ్చే బిగింపు దగ్గర, చుక్క చుక్కగా కారితే కంగారు వద్దు, నట్టు పావు చుట్టు బిగిస్తే ఆగుతుంది. మరీ బిగిస్తే పోటు బరువెక్కి కొట్టేవాడి భుజాలు రెండు నిమిషాల్లో పడిపోతాయి. గొట్టాన్ని మధ్యలో మడిచి చూడండి. మడత దగ్గర సన్న గీతలు కనిపిస్తే అది పాత సరుకు.

కొన్నాక చాలామంది బోల్తా పడేది బకెట్ దగ్గర. ఫైర్ బకెట్ అనగానే ఎర్రరంగు వేసి, అడుగు గుండ్రంగా ఉన్న 9 లీటర్ల బకెట్ తెచ్చిపెడతారు. ఆ గుండ్రటి అడుగు కావాలనే పెట్టినది, ఇంటి పనికి ఎత్తుకుపోకుండా. కొక్కేనికి వేలాడదీయడానికే అది. నేల మీద నిలబడదు, దాంట్లో స్టిరప్ పంపు పెడితే పంపూ బకెట్టూ కలిసి దొర్లుతాయి. పంపు కింద అడుగు చదునుగా ఉన్న ఇనుప బకెట్ ఉండాలి. ఎర్ర బకెట్లు మోయడానికి, పోయడానికి. ప్లాస్టిక్ బకెట్ నిప్పు దగ్గర ఎందుకు పనికిరాదో వేరే చెప్పక్కర్లేదు.

రెండో పొరపాటు డ్రమ్ము. 200 లీటర్ల డ్రమ్ము నింపి పక్కన పంపు వేలాడదీస్తారు, చూడ్డానికి బాగుంటుంది. పంపు కాలు బకెట్ ఎత్తుకు తగ్గట్టు చేసినది, నడుము దాటే డ్రమ్ములో దించితే రికాబు గాల్లో ఉంటుంది. పాదంతో తొక్కిపట్టకపోతే ప్రతి లాగుడుకీ పంపంతా పైకొచ్చేస్తుంది. కాబట్టి డ్రమ్ములోంచి ముంచి బకెట్‌లో పోయాల్సిందే, దానికి చెంబో డబ్బావో డ్రమ్ముకే గొలుసుతో కట్టి ఉంచాలి. పశువుల శాల దగ్గర కుడితి తొట్టి ఎత్తు సరిగ్గా సరిపోతుంది, చాలా ఊళ్లలో అదే వాడతారు. కాకపోతే తవుడు, చిట్టు అడుగు జల్లెడకు పట్టేసి ఐదో నిమిషంలో పంపు ఊపిరాడక చస్తుంది. తొట్టి వాడితే జల్లెడ చుట్టూ పల్చటి నూలుగుడ్డ ఒక పొర కట్టండి. రెండు పొరలు కడితే నీరు లాగదు.

మనుషులు ముగ్గురు తప్పనిసరి, ఇద్దరితో నడవదు. ఒకరు నాజిల్ దగ్గర, ఒకరు పంపు దగ్గర, ఒకరు నీళ్లకు. ఇందులో తక్కువగా అంచనా వేసేది మూడో మనిషిని. బకెట్ అడుగు లీటరు పంపుకు అందదు, మిగిలిన 8 లీటర్లు ధారగా కొడితే డెబ్భై సెకన్లు. అంటే నిమిషం దాటకుండా ఒక నిండు బకెట్ రావాలి. నుయ్యి యాభై గజాల దూరంలో ఉంటే ఒక్కరి వల్ల కాదు, వరస కట్టాల్సిందే. మళ్లీ ముత్తాతల పద్ధతికే వచ్చాం చూశారా. పంపు కొట్టేవారు మూడు నాలుగు నిమిషాలకు మారాలి. అలసిన మనిషి పోట్లు తగ్గించడు, పొట్టి చేస్తాడు. శబ్దం అలాగే వినిపిస్తుంది, ధార మాత్రం సగానికి పడిపోతుంది. నాజిల్ పట్టినవాళ్లు దీన్ని ముందు గమనించి అరవాలి.

నాజిల్ పట్టినవాళ్లకు పని ఎక్కడంటే: గాలివాటు ఇంటి కప్పు కూనం మీద, అంటే రెండు వాలులూ కలిసే నడినెత్తిన. తాటాకైనా రెల్లైనా నీరు జారిపోయేలాగే కప్పుతారు కదా, వాలు మీద కొట్టిన నీరు కొట్టినట్టే చూరు దాటిపోతుంది. కూనం దగ్గర కొడితే లోపలికి ఇంకి కిందికి దిగుతుంది. అక్కడ తడి గోనెసంచి వేసి దాన్నే తడుపుతూ ఉంటే ఇంకా మంచిది, సంచి నీటిని పట్టి ఉంచుతుంది. తర్వాత ఇంట్లోకి వెళ్లి కప్పును లోపలినుంచి చూడాలి. రవ్వ పైన పడ్డా మంట ఆకుల సందులోంచి లోపలికి పాకుతుంది, బయట పొగ కనబడేసరికి ఆలస్యమైపోతుంది. అలా ఎర్రగా కనబడ్డ చోట ధార వద్దు, తుంపర చాలు. ధార నిప్పును ఎగరగొట్టి పక్కకు అంటిస్తుంది. సరుగుడు తోటలో నేల మంటకూ తుంపరే. వేసవి మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక రవ్వలు ఎంత దూరం వెళ్తాయో తీరంలో ఉండేవాళ్లకు తెలుసు, కాబట్టి ఒక మనిషిని గాలివాటు చివర కేవలం చూడ్డానికే నిలబెట్టాలి.

వాడకూడని చోట్లు కూడా ఉన్నాయి. కరెంటు తీగ తెగి పడినా, సర్వీసు వైరు అంటుకున్నా సరఫరా ఆపించేదాకా ధార కొట్టొద్దు. పంపులో ఉప్పునీరు ఉంటే మరీను, మంచినీటి కన్నా ఎన్నో రెట్లు కరెంటును మోసుకొస్తుంది. డీజిలు మంట మీద కూడా వద్దు. డీజిలు నీటి మీద తేలి మంటను వెంటేసుకుని పాకుతుంది. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో దాదాపు 40 బోట్లు కాలిపోయినప్పుడు జెట్టీలో పక్కపక్కన కట్టేసిన బోట్లు, వాటిలో డీజిలు, వంట సిలిండర్లు. అలాంటి చోట ఇలాంటి పంపులు వంద ఉన్నా చేసేదేమీ లేదు, నూనె మంటను కప్పేసే నురగ (ఫోము) కావాలి, తాళ్లు కోసి బోట్లను దూరం లాగే మనుషులు కావాలి. పక్కదాన్ని కాపాడమన్న పాత సూత్రమే, పనిముట్టు వేరు.

దీని బదులు ఇంకేమైనా కొనవచ్చా అని అడిగేవాళ్లుంటారు. 6 కిలోల పొడి సిలిండరు వంటింటికి మంచిదే గానీ కొన్ని సెకన్లలో ఖాళీ అయిపోతుంది, ఆకును చల్లబరచదు. మంట పోయిందనుకుని వెనుదిరగ్గానే మళ్లీ రాజుకుంటుంది. పొలంలో మందు కొట్టే డబ్బా ప్రతి ఇంట్లో ఉంటుంది, చిన్న నేలమంటలకు అదీ పనికొస్తుంది, లోపల పురుగుమందు మిగల్లేదని రూఢి అయితేనే. పంచాయతీ దగ్గర డబ్బుంటే నిమిషానికి 275 లీటర్ల పెట్రోలు పంపు అసలైన మెట్టు. స్టిరప్ పంపుకు నలభై రెట్లు. అయితే మన 200 లీటర్ల డ్రమ్మును అది ముప్పావు నిమిషంలో తాగేస్తుంది. పక్కన చెరువో, 7 మీటర్ల లోతు మించని నుయ్యో ఉంటేనే దానికి అర్థం. నెలనెలా స్టార్టు చేసి చూసే మనిషి లేకపోతే ఆ ఇంజను అవసరమైన రోజున కదలదు. ఆ మనిషి లేని ఊరికి స్టిరప్ పంపులు నాలుగు కొని వీధికొకటి పెట్టుకోవడం నయం. ఒక్కటే కొని పంచాయతీ ఆఫీసులో తాళం వేసి ఉంచడం మాత్రం డబ్బు దండగ.

పాడయ్యేది దాదాపు ఎప్పుడూ ఒకేలా పాడవుతుంది: వాడకుండా ఉంచేయడం వల్ల. తోలు వాషరున్న రకమైతే ఎండి, ముడుచుకుని, పిస్టన్ గాలి మింగుతుంది. ఆముదంలో రాత్రంతా నానబెడితే చాలావరకు తిరిగి మెత్తబడుతుంది. లేకపోతే చెప్పులు కుట్టేవారి దగ్గర పాత కొలతకు కోయించుకోవచ్చు. రబ్బరు వాషరున్నవాటికి లారీ గ్రీజు పూయకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. సముద్రపు నీరు వాడాక రెండు బకెట్ల మంచినీరు కొట్టి, తలకిందులుగా వేలాడదీసి ఆరనివ్వాలి. లేకపోతే ఉప్పు గడ్డకట్టి గుండ్లు వాటి గూళ్లలో అతుక్కుంటాయి. అలా అతుక్కుంటే సుత్తి జోలికి పోవద్దు, అడుగు భాగాన్ని గోరువెచ్చటి నీళ్లలో అరగంట ఉంచితే వదులుతుంది. గొట్టాన్ని మేకుకు తగిలించకండి, మేకు దగ్గర మడత పడి అక్కడే పగులుతుంది. పాత సైకిల్ టైరు గోడకు కొట్టి దాని మీద చుట్టండి.

పరీక్షకు మంచి తేదీ ఉండనే ఉంది. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిగే అగ్నిమాపక వారోత్సవాలు 1944లో బొంబాయి రేవు పేలుడులో పోయిన ఫైర్‌మెన్ జ్ఞాపకార్థం పెట్టినవి. మన పాకలు ఎక్కువగా ఎండేదీ ఆ నెలల్లోనే. ఆ వారంలో ఒక సాయంత్రం వీధిలో పంపు దించి, ముగ్గురు చొప్పున రెండు జట్లతో పది నిమిషాలు కొట్టించండి. ఆడవాళ్లను తప్పకుండా నేర్చుకోమనండి, మగవాళ్లు వేటకు వెళ్లిన పూట ఊళ్లో ఉండేది వాళ్లే. ఫైర్ ఇంజనుకు 101 అని పంపు పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ఫోను ముందు, పంపు తర్వాత.

చివరగా నాజిల్. కందిరీగలకు 3 మిల్లీమీటర్ల రంధ్రమంటే మహా ఇష్టం, మట్టితో గూడు కట్టి మూసేస్తాయి. మర బిరడా బిగిస్తే చీకట్లో ఎవరికీ ఊడదు, పోతే దొరకదు. పాత పంచె గుడ్డ ముక్క ఒకటి నాజిల్ మీద కప్పి, లాగితే తెగేంత పల్చటి దారంతో కట్టండి.